పిట్ట ముట్టిన కూర

నర్సింగమ్మ పోయిన తొమ్మిదో నాడు ఆమె తమ్ముడు రఘుపతి, బావ జంగయ్య దొడ్డి దగ్గరికి వచ్చాడు. తడిక మీద చేతులానించి నిలబడి చాలాసేపు గొర్రెలనే చూస్తూ ఉండిపోయాడు. చెప్పలేని మాటేదో గొంతులో పెట్టుకుని వచ్చాడని జంగయ్యకు అర్థమైంది. పాలు తాగడం చేతగాని గొర్రెపిల్ల ఒకటుంటే దాన్ని ఒళ్లోకి తీసుకుని తల్లి పొదుగు దాని మూతికి అందిస్తున్నాడు.

“బావా, ఎల్లుండి దినాలకు యాటలు...” అన్నాడు చివరికి రఘుపతి.

“ఆఁ, ఏమైంది?”

“బయట కొందాం. మల్లేపల్లి దిక్కు నాకు ఎరుకైనాయన ఉన్నడు. మంచి జీవాలు ఇస్తడు.”

“దొడ్డి నిండ జీవాలుండంగ బయట ఎందుకు కొనాలె?”

రఘుపతి తల దించుకున్నాడు. “నీకెరుక లేదా బావా.”

ఎరుకే. ఊరికంతా ఎరుకే. దేవరకొండ గుట్టలకు పడమట ఉన్న పది పల్లెల్లో జంగయ్య జీవాలంటే ఏమిటో ఇప్పుడు తెలియనివాళ్లు లేరు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు వానకాలంలో గొర్రెలకు నీలి నాలుక రోగం తగిలింది. మూతులు వాచి, నాలుకలు నల్లబడి, మందలకు మందలే పడిపోయాయి. జంగయ్య మందలోనూ సగం పోయాయి. కానీ నల్లోడు అనే పొట్టేలుకు మాత్రం ఏమీ కాలేదు. రోగంతో పడున్న గొర్రెల మధ్యనే తిరిగింది, అదే తొట్టిలో నీళ్లు తాగింది, ఒక్కపూట కూడా మేత మానలేదు. అంతకు ముందు రోగమొచ్చిన ఏడు కూడా అంతేనని నర్సింగమ్మ చెప్పింది. ఆ సంగతి ఎట్లా పాకిందో ఏమో, మహబూబ్‌నగర్ దిక్కునున్న గొర్రెల పరిశోధన కేంద్రం నుంచి కృష్ణకాంత్ అనే డాక్టర్ వచ్చాడు. నల్లోడి చెవి అంచున శనగగింజంత ముక్క కోసి, సీసాలో వేసి, మంచుపెట్టెలో పెట్టుకుని పోయాడు. నాలుగేళ్లకు నల్లోడు ముసలిదై చచ్చిపోయింది. దాన్ని పాతిపెట్టి జంగయ్య మరిచిపోయాడు.

ఇంకో రెండేళ్లకు డాక్టర్ ఫోన్ చేసి, ఇద్దరూ ఒకసారి వచ్చి చూసిపొమ్మన్నాడు. మొగుడూ పెళ్లాలు బస్సెక్కి పోయారు. కంచె అవతల ఏడాది పొట్టేలు నిలబడి ఉంది. అదే నలుపు, అదే వంపు తిరిగిన కొమ్ములు, తల కొంచెం ఎడమకు వాల్చి చూసే అదే చూపు. జంగయ్య డాక్టర్ దిక్కు తిరిగాడు.

“మునగకొమ్మ నరికి పాతితే ఏమొస్తది?” అని అడిగాడు డాక్టర్.

“మునగచెట్టే వస్తది సారూ.”

“ఇదీ అంతే. ఆ చెవి ముక్క నుంచి తెచ్చినం. ఇంకో గొర్రె కడుపున పెరిగింది. రూపం మాత్రం మీ నల్లోడిదే.”

నర్సింగమ్మ కంచెకు ఆనుకుని, “ఓ నల్లోడా” అని పిలిచింది. పొట్టేలు ఆమెను చూసింది, మళ్లీ మేత నమలడంలో పడిపోయింది. తిరుగు బస్సు కల్వకుర్తి దాటాక ఆమె అంది: “మొకం గదే. కాని మనం ఎవ్వలమో దానికెరుక లేదు.”

ఆ పరిశోధన ముగిశాక, కోతకు అమ్మొద్దన్న ఒప్పందం మీద ఆ పొట్టేలును వ్యానులో పంపించారు. నర్సింగమ్మ రోజూ జొన్నరొట్టె ముక్కలు పెట్టి దాన్ని మచ్చిక చేసింది. నెల తిరిగేసరికి పిలిస్తే వచ్చేది. మరుసటేడు దానికి పుట్టిన పిల్లలు రాయిలా నిలబడ్డాయి. చుట్టుపక్కల గొర్రెలకాపరులు తమ గొర్రెలను తోలుకొచ్చి, ఆ పొట్టేలుతో దాటించమని అడిగారు కూడా. రెండేళ్లు అట్లా బాగానే గడిచింది.

ఆ తర్వాత దినేశ్ అనే ఆయన వచ్చాడు. దేవరకొండలో ఉండి ఫోన్లో వీడియోలు తీసి పెట్టే మనిషి. మర్యాదస్తుడే. నర్సింగమ్మ పెట్టిన చాయ్ తాగాడు, పొట్టేలును అన్ని దిక్కుల నుంచి వీడియో తీసుకున్నాడు, జంగయ్యతో మునగకొమ్మ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. రెండు రోజులకు ఆ వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. దాని పేరు ‘తల్లి లేని గొర్రె మీ పళ్లెంలోకి’.

జంగయ్యను ఎవరూ తిట్టలేదు. మీదికి రాలేదు. తిట్టినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. జనం మెల్లగా పక్కకు జరిగారు, అంతే. పక్క ఊరిలో ఒకామెకు గర్భం పోతే, జంగయ్య మందలోని మాంసం తిన్నదట అన్నారు. ఆమె తిన్నదో లేదో ఎవరికీ తెలియదు. ఒక పిల్లకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తే అదీ ఈ దొడ్డి ఖాతాలోకే వచ్చింది. దేవరకొండలో మాంసం కొట్టు నడిపే సాల్మన్ ఇరవై ఏళ్లుగా జంగయ్య దగ్గరే జీవాలు పట్టుకుపోయేవాడు. ఆయన స్వయంగా వచ్చి చెప్పాడు.

“అన్నా, నాకేం అనుమానం లేదు. కాని యాటను కొక్కానికి తగిలేయంగనే అందరు అడిగేది గదే. జంగయ్య జీవమా అని. కాదంటే అబద్ధమైతది. అవునంటే ఎనక్కి తిరిగి పోతున్నరు. రెండు ఆదివారాలు మాంసం మిగిలింది.”

“కొన్ని దినాలు ఆగు” అన్నాడు జంగయ్య. ఆయన ఆగాడు. మళ్లీ రాలేదు.

కబురు పెడితే డాక్టర్ కృష్ణకాంత్ పాపం బస్సులో వచ్చి, పంచాయతీ ఆఫీసు ముందు అందరినీ కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. పొట్టేలు ఒక్కటే చెవి ముక్క నుంచి వచ్చిందనీ, దాని పిల్లలు అన్ని గొర్రెల్లాగే తల్లికి పుట్టినవేననీ, తింటే ఏమీ కాదనీ చెప్పాడు. అంతా విన్నాక కృష్ణమ్మ అనే ముసలామె లేచి, “అంతా మంచిగనే చెప్పినవు. నువ్వు తింటవా బిడ్డా?” అని అడిగింది.

డాక్టర్ నిజాయితీ గల మనిషి. “నేను పుట్టినకాడి నుంచి మాంసం ముట్టనమ్మా” అన్నాడు.

జనం నవ్వారు. ఆ నవ్వుతో సభ అయిపోయింది.

మగవాడు మంద వెంట పోతే గుట్టలున్నాయి, గాలి ఉంది. ఊళ్లో ఉండేది నర్సింగమ్మ. ఉపాధి పనిలో మధ్యాహ్నం ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని గిన్నెలు విప్పి, ఒకరి కూర ఒకరికి వేసుకునేవాళ్లు. ఆమె గిన్నె దగ్గర చేతులు ఆగిపోయాయి. “నా గిన్నెల ఉన్నది పప్పే. అయినా సూస్తున్రు” అని ఒకరోజు మొగుడితో చెప్పింది. ఏడవలేదు. మరునాటి నుంచి చెట్టు కింద వేరుగా కూర్చుని తిన్నది. మార్గశిరంలో ఒక పొద్దున పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. జంగయ్య దొడ్డి ఊడ్చి వచ్చేసరికి చాయ్ పొంగి పొయ్యి ఆరి ఉంది.

ఇప్పుడు రఘుపతి ముందు ఇవన్నీ చెప్పుకునే ఓపిక ఆయనకు లేదు.

“మీ అక్క చేతుల మీద పెరిగిన జీవాలివి” అన్నాడు గొర్రెపిల్ల మూతి తుడుస్తూ. “వీటిని కాదని ఎక్కడిదో యాటను తెచ్చి ఆమె పేరు మీద పెడితే ఆమెకు ముడుతదా?”

రఘుపతి తడిక మీది నుంచి చేతులు తీసి, “నీ ఇష్టం బావా” అన్నాడు.

పదకొండో నాడు రెండు గొర్రెపోతులను కోశారు. కోయడానికి సాల్మనే వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తెల్లవారకముందే కత్తులు మూట కట్టుకుని వచ్చి, ముక్కలు కొట్టిచ్చి, పొయ్యి అంటించేదాకా ఉండి, “కొట్టు తెరవాలె అన్నా” అని వెళ్లిపోయాడు. చేతులు కడుక్కుంటున్నప్పుడు జంగయ్య కళ్లలోకి చూడలేదు.

నర్సింగమ్మను పూడ్చిపెట్టిన చోట విస్తరి పరిచారు. బువ్వ, మాంసం కూర, జొన్నరొట్టె, తాటాకు దొప్పలో కల్లు, ఆమెకు ఇష్టమైన వక్కాకు పెట్టి అందరూ దూరంగా జరిగి నిలబడ్డారు. పిట్ట ముడితే పోయిన మనిషి తృప్తిపడినట్టు. కొందరికి మధ్యాహ్నం దాకా ముట్టదు. మొక్కుకోవాల్సి వస్తుంది, తప్పులు ఒప్పుకోవాల్సి వస్తుంది. నర్సింగమ్మకు అంత సేపు పట్టలేదు. రేగుచెట్టు మీద నుంచి కాకి ఒకటి దిగి, రొట్టెను దాటి, బువ్వను దాటి, మాంసం ముక్కను ముక్కున పట్టుకుని ఎగిరింది. రఘుపతి తువాల అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

“అక్క తిన్నది బావా” అన్నాడు.

జంగయ్యకు గుండె మీద నుంచి బండ దించినట్టయింది. ఆమె తిన్న తర్వాత ఇంక ఎవరు కాదంటారు అనుకున్నాడు.

పందిరి కింద వరుసలు వేశారు. ఊరు ఊరంతా వచ్చింది. నర్సింగమ్మ మీద ఎవరికీ కోపం లేదు. అందరూ ఆమె మంచితనమే చెప్పుకున్నారు. రఘుపతి కూర బకెట్ పట్టుకుని మొదటి వరుసలోకి దిగాడు. మొదటి మనిషి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, “షుగర్ ఉన్నది, డాక్టర్ నీచు వద్దన్నడు” అన్నాడు. రెండో మనిషి కొడుకు అయ్యప్ప మాలలో ఉన్నాడట, ఇంట్లో ఎవరూ ముట్టడం లేదట. ఒకాయనకు పన్ను నొప్పి. ఒకామెకు ఏదో మొక్కు. కృష్ణమ్మ మాత్రం ఏ సాకూ చెప్పలేదు. “నాకు పప్పుచారు పొయ్యి బిడ్డా” అంది, అంతే. అందరూ మెత్తగానే చెప్పారు. అసలు కారణం ఒక్కరి నోటి నుంచీ రాలేదు. కూర బకెట్ ఆ వరుస చివరిదాకా పోయి నిండుగానే తిరిగి వచ్చింది. రెండో వరుసలోనూ అంతే.

బావ తనను చూస్తున్నాడని గమనించి రఘుపతి బకెట్ దించి, తన విస్తరిలో రెండు ముక్కలు వేసుకుని, కళ్లు మూసుకుని మందు మింగినట్టు మింగాడు. అందరూ వద్దన్నదానికంటే అది చూసినప్పుడే జంగయ్యకు ఎక్కువ బాధ కలిగింది.

చివరి వరుసలో ఆయన కూతురు నవనీత కూర్చుంది. చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పనిచేసే సురేశ్‌కు ఇచ్చి రెండేళ్ల కింద పెళ్లి చేశారు. ఇప్పుడు అయిదో నెల. తల్లి పోయిన నాటి నుంచి సరిగా తిండి లేక మొహం పీక్కుపోయి ఉంది. ఆమె పక్కన అత్త లీలమ్మ, ఆ పక్కన సురేశ్.

“బాపు, నాకు నువ్వు ఎయ్యి” అంది నవనీత, ఊళ్లో నలుగురికీ వినపడేలా.

“నవనీతా” అంది లీలమ్మ. ఆ ఒక్క మాటే అంది. సురేశ్ విస్తరిలోకి చూస్తూ కూర్చున్నాడు.

జంగయ్య రఘుపతి చేతిలోంచి బకెట్ అందుకున్నాడు. గరిటెతో ముంచాడు. పందిరంతా తననే చూస్తోందని తెలుసు. బిడ్డ తన కోసమే అడిగిందనీ తెలుసు. మునగకొమ్మ మాట, డాక్టర్ మాట, పిట్ట ముట్టిన ముక్క, అన్నీ గుర్తున్నాయి. కానీ గరిటె విస్తరి మీదికి పోయాక ఆయన చెయ్యి కిందికి దిగలేదు. బిడ్డ పొట్ట మీదికి చూపు పోయింది. ఏమో, అన్న ఒక్క మాట ఎక్కడి నుంచో లోపలికి వచ్చింది. వచ్చాక పోలేదు.

గరిటె వెనక్కి బకెట్లో పడింది. ఆయన పక్కనున్న పప్పు గిన్నె తీసుకుని ఆమె బువ్వ మీద పోశాడు.

నవనీత తల ఎత్తి తండ్రి మొహంలోకి చూసింది. పప్పు కలుపుకుని తిన్నది. లీలమ్మ ఊపిరి పీల్చుకున్నది ఆయనకు వినపడింది.

పొద్దు వాలేసరికి జనం వెళ్లిపోయారు. ఖాళీ పందిరి కింద జంగయ్య ఒక్కడే విస్తరి వేసుకుని కూర్చుని తిన్నాడు. కూర బాగుంది. ఉప్పు, కారం సరిగ్గా కుదిరాయి, ముక్క మెత్తగా ఉడికింది. ఎప్పటిలాగే పక్కకు తిరిగి, కూర మంచిగయింది అని చెప్పబోయి, అక్కడ ఎవరూ లేరని ఆగిపోయాడు. మిగిలిన కూరంతా ఆయనా రఘుపతీ కలిసి దొడ్డి వెనక గుంత తవ్వి పూడ్చారు. ఊరివాళ్ల మీద కోపం తెచ్చుకుందామన్నా ఇప్పుడు జంగయ్యకు చాతకాలేదు. వాళ్ల చేతులు ఎక్కడ ఆగాయో తన చెయ్యీ అక్కడే ఆగింది.

మరునాడు పొద్దున కూతురినీ అల్లుడినీ బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. సురేశ్, లీలమ్మ కొంచెం ముందు నడుస్తున్నారు. నవనీత కావాలని వెనకబడింది.

“బాపు, నిన్న అందరు లేసినంక గిన్నెల కాడికి పోయి రెండు ముక్కలు తిన్న.”

జంగయ్య నడక ఆగిపోయింది.

“అమ్మ దినాలకు నేను తినకుంటె ఎట్ల?” అంది ఆమె. “ఎవ్వరికి చెప్పకు. మా అత్తకు తెలిస్తే ఇంట్ల ఉండనియ్యదు.”

బస్సు వచ్చింది. ఆయన ఏదో అందామనుకునేలోపే ఆమె ఎక్కింది.

అప్పటి నుంచి నాలుగు నెలలు జంగయ్య ఎట్లా బతికాడో ఆయనకే తెలియాలి. మంద వెంట గుట్టల్లో తిరుగుతుంటే ఉన్నట్టుండి ఆ రెండు ముక్కలు గుర్తొచ్చేవి. ఏమీ కాదని తనకు తానే చెప్పుకునేవాడు. ఊరికి ఎన్నిసార్లు చెప్పాడో అన్నిసార్లూ చెప్పుకున్నాడు. ఊరు ఎందుకు నమ్మలేదో అప్పుడు తెలిసింది. భార్య ఉంటే ఆమెతో చెప్పేవాడు. రఘుపతితో చెప్తే, ఎవ్వరికీ చెప్పొద్దన్న బిడ్డ మాట తప్పినట్టవుతుంది. పొట్టేలు రొట్టె కోసం దగ్గరికి వస్తే, ఏ పాపమూ తెలియని దాన్ని ఒకరోజు కాలితో నెట్టాడు. తర్వాత సిగ్గుపడి దాని మెడ నిమిరాడు.

ఆగలేక ఒకనాడు మంద రఘుపతికి ఒప్పజెప్పి మహబూబ్‌నగర్ పోయాడు. డాక్టర్ ఆయనను గుర్తుపట్టి కుర్చీ వేయించాడు.

“సారూ, కడుపుతోటి ఉన్నోళ్లు తింటే ఏమన్న అయితదా?”

“ఏం కాదు జంగయ్యా. ఎన్నిసార్లు చెప్పిన. ఎవరు తిన్నారు?”

“ఎవలో, ఊళ్లె” అన్నాడు జంగయ్య. కృష్ణమ్మ గొంతుతోనే తనూ అడిగినట్టు అనిపించింది. తిరుగు బస్సు జడ్చర్ల దాటేదాకా ధైర్యంగా ఉన్నాడు. ఆ తర్వాత అది కూడా జారిపోయింది.

చైత్రంలో సురేశ్ ఫోన్ చేశాడు. “మామా, ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు.”

మంచిగున్నరు అన్న మాట ఆయనకు చాల్లేదు. చౌటుప్పల్ దవాఖానకు పోయేసరికి మధ్యాహ్నమైంది. లీలమ్మ నవ్వుతూ బిడ్డను తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, వేణ్నీళ్ల కోసం బయటికి పోయింది. జంగయ్య చుట్టూ చూసి, బట్ట మెల్లగా విప్పాడు. చేతివేళ్లు లెక్కపెట్టాడు. కాలివేళ్లు లెక్కపెట్టాడు. చెవులు రెండూ చూశాడు. తల వెనక చెయ్యి పెట్టి తడిమాడు. గొర్రెపిల్ల పుట్టినప్పుడు చూసినట్టే అన్నీ చూశాడు.

“అన్ని ఉన్నయా బాపు?”

నవనీత పడుకున్న చోటి నుంచే ఆయనను చూస్తోంది. జంగయ్యకు తల ఎత్తబుద్ధి కాలేదు.

“ఉన్నయి బిడ్డా.”

“నేను గూడ సూసిన” అంది ఆమె, గొంతు తగ్గించి. “నా చేతికియ్యంగనే అదే సూసిన. నాలుగు నెలల సంది నిద్రలేదు నాకు.”

“మరి నాకు చెప్పకపోతివి.”

“నువ్వు భయపడుతవని.”

ఆయన బట్ట మళ్లీ చుట్టి, పసిదాన్ని గుండెకు ఆనించుకున్నాడు. లీలమ్మ వేణ్నీళ్లతో వచ్చేసరికి ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. తల్లి గుర్తొచ్చిందేమో అనుకుని ఆమె కూడా ముక్కు చీదింది.

ఊరికి వచ్చిన మరునాడు సాల్మన్ ఎదురుపడి, “బిడ్డ కాన్పైందట గద అన్నా, మంచిగున్నరా?” అని అడిగాడు. మంచిగున్నరని చెప్పాడు జంగయ్య. ఇంకో మాట నాలుక చివరిదాకా వచ్చింది. నా బిడ్డ కడుపుతో ఉండి తిన్నది, చూడు, పిల్ల రాయిలా ఉంది అని ఒక్క మాట చెబితే చాలు. సాల్మన్ దేవరకొండంతా చాటేవాడు. మళ్లీ ఆదివారాలు జీవాలు పట్టుకుపోయేవాడు. దినేశ్ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు. కానీ ఆ మాట రెండు రోజుల్లో చౌటుప్పల్ చేరుతుంది, లీలమ్మ చెవిన పడుతుంది.

“ఇంకేం సంగతులన్నా?” అన్నాడు సాల్మన్.

“ఏమున్నయి. ఎండలు ముదిరినయి. నీళ్లకు దూరం తోలాలె.”

సాల్మన్ బండి తీసుకుని వెళ్లిపోయాడు. జంగయ్య తడిక తీశాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి వచ్చాయి. అమ్ముడుపోక, ఈ ఏడు మంద బాగా పెరిగింది. గొంగడి భుజాన వేసుకుని, వాటిని గుట్ట దిక్కు మళ్లించి, వెనక నడిచాడు.